శస్త్రచికిత్సకు సాయపడే చేతులు

శస్త్రచికిత్స విజయవంతమై రోగి కోలుకున్నప్పుడు బంధువులు వైద్యునికి చేతులెత్తి నమస్కరిస్తారు. అది సమంజసమే. అయితే ఆ వైద్యుని చేతికి సకాలంలో అందిన ప్రతి పరికరం వెనుక మరికొందరి శ్రమ ఉంటుంది. పరికరాలను శుద్ధిచేయడం, వాటిని క్రమంగా అమర్చడం, మత్తు యంత్రాన్ని పరీక్షించి సిద్ధపరచడం, రోగిని బల్లపై సరైన భంగిమలో పడుకోబెట్టడం వంటి పనులను నర్సులతో కలిసి నిర్వహించేవారే ఆపరేషన్ థియేటర్ టెక్నాలజిస్టులు. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివిన విద్యార్థులకు అందుబాటులో ఉన్న వృత్తులలో ఇది ఒకటి. ఇది వైద్యవిద్యలో సీటు రానివారు సరిపెట్టుకొనే చదువు కాదు. దీనికంటూ ప్రత్యేకమైన శాస్త్రం, నైపుణ్యం, బాధ్యత ఉన్నాయి.

ఈ వృత్తి ఒక్కనాటిలో పుట్టలేదు. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ మత్తు ఇచ్చి, రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయవచ్చునని బహిరంగంగా నిరూపించారు. గాయాలు చీము పట్టకుండా కార్బాలిక్ ఆమ్లాన్ని ఉపయోగించే పద్ధతిని జోసెఫ్ లిస్టర్ 1867లో లోకానికి ప్రకటించాడు. 1879లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చార్లెస్ షాంబర్లాన్ ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను నశింపజేసే ఆటోక్లేవ్‌ను రూపొందించాడు. మత్తుమందు చరిత్రలో హైదరాబాదుకూ స్థానం ఉంది. క్లోరోఫాం వల్ల కలిగే ప్రమాదాలను పరిశోధించడానికి ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888, 1889 సంవత్సరాలలో ఏర్పడిన క్లోరోఫాం కమిషన్లు ఈ నగరంలోనే పనిచేశాయి. ఇలా ఒక్కొక్క ఆవిష్కరణ వచ్చినకొద్దీ శస్త్రచికిత్స గదిలో కొత్త పనులు చేరాయి. వాటిని నిర్వహించడానికి ప్రత్యేక శిక్షణ పొందినవారు అవసరమయ్యారు.

నేటి శస్త్రచికిత్స గదిలో శుభ్రతకు, సూక్ష్మజీవిరహిత స్థితికి మధ్యగల భేదాన్ని గుర్తించడం మొదటి పాఠం. కంటికి మెరిసే పరికరం శుభ్రమైనదే కావచ్చు, కాని దానిపై సూక్ష్మజీవులు లేవని చెప్పలేం. అందువల్ల ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒత్తిడితో కూడిన ఆవిరికి నిర్ణీత సమయం గురిచేస్తారు. పొట్లంపై అతికించిన పట్టీ రంగు మారితే అది వేడికి గురైందని తెలుస్తుంది. లోపలి పరికరాలు పూర్తిగా శుద్ధి అయినాయనడానికి అదొక్కటే సాక్ష్యం కాదు. ఇటువంటి సూక్ష్మాలను తెలిసి పనిచేసేవారికి, తెలియక యాంత్రికంగా పనిచేసేవారికి ఉన్న తేడా రోగి ప్రాణం మీద పడుతుంది.

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. ఉదర శస్త్రచికిత్స ముగియవచ్చింది. రక్తాన్ని అద్దడానికి ఉపయోగించిన గాజ్ గుడ్డలను లెక్కించగా ముప్పైకి ఇరవైతొమ్మిదే తేలాయి. అప్పటికే చాలా ఆలస్యమైంది. బయట మరొక రోగి వేచి ఉన్నాడు. శిక్షణలో ఉన్న విద్యార్థిని మొదట తానే పొరబడ్డానేమోనని సందేహించింది. మళ్ళీ లెక్కించింది. సంఖ్య మారలేదు. "సార్, ఒకటి తక్కువగా ఉంది" అని చెప్పింది. వైద్యుడు కుట్లు వేయడం ఆపి వెదికాడు. ఆ గుడ్డ పేగుల చాటున దొరికింది. ఆ అమ్మాయి సంకోచించి ఊరుకొని ఉంటే రోగి ఎంతటి బాధ అనుభవించేవాడో చెప్పనవసరం లేదు. మత్తులో ఉన్న రోగి ప్రశ్నించలేడు, లెక్క అడగలేడు. అతని పక్షాన లెక్క అడిగే మనిషి ఆ గదిలో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికలో కూడా రోగి గది విడిచే ముందు పరికరాల, గుడ్డల లెక్క సరిచూడాలని ఉంది.

ఇటువంటి నేర్పును, ధైర్యాన్ని ఇవ్వగల శిక్షణాలయాన్ని ఎన్నుకోవడం ఎలా? మొదట చూడవలసినది గుర్తింపు. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు ఈ రంగంలో బి.ఎస్సీ. కోర్సులను నడుపుతున్నాయి. పారామెడికల్ బోర్డుల పరిధిలో డిప్లొమా కోర్సులు ఉన్నాయి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం పార్లమెంటు 2021లో ఒక ప్రత్యేక చట్టం చేసింది. ఆపరేషన్ థియేటర్ టెక్నాలజిస్టులు ఆ చట్టం జాబితాలో ఉన్నారు. రెండు నుంచి నాలుగేళ్ళ వ్యవధిలో కనీసం 2,000 గంటల శిక్షణ ఉండాలని ఆ చట్టం అనుబంధ ఆరోగ్య వృత్తులకు నిర్దేశించింది. కాబట్టి "ఆరు నెలల్లో సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం" అనే ప్రకటనను చూసి రుసుము చెల్లించేముందు ఆ సర్టిఫికెట్‌ను ఎవరు ఇస్తున్నారో, దానిని ఎవరు గుర్తిస్తారో విచారించాలి. కళాశాల గోడపై వేలాడే పత్రాన్ని నమ్మడం కంటే విశ్వవిద్యాలయం లేదా బోర్డు ప్రకటించిన జాబితాలో పేరు ఉన్నదో లేదో స్వయంగా చూడడం మంచిది.

రెండవది అభ్యాసానికి గల అవకాశం. ఈత పుస్తకంలో నేర్వలేనట్లే ఈ పనిని తరగతి గదిలో మాత్రమే నేర్వలేం. కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉందా? అక్కడ ఎన్ని శస్త్రచికిత్స గదులు ఉన్నాయి? ఎముకలు, ఉదరం, ప్రసూతి, కన్ను వంటి వివిధ విభాగాల శస్త్రచికిత్సలు జరుగుతున్నాయా? ఒక్కొక్క గదికి ఎంతమంది విద్యార్థులను పంపుతారు? వారు దూరంగా నిలబడి చూస్తారా, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో స్వయంగా చేస్తారా? ఈ ప్రశ్నలకు అక్కడ చదువుతున్న విద్యార్థులే సరైన సమాధానం చెప్పగలరు. రంగురంగుల కరపత్రం కంటే అలాంటి విద్యార్థితో పది నిమిషాల సంభాషణ విలువైనది. గత సంవత్సరాల విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారో తెలుసుకోవడమూ అవసరమే. రుసుముతోపాటు వసతి, పరీక్షలు, ఇంటర్న్‌షిప్ కాలపు ఖర్చులన్నీ కలిపి ముందే లెక్కవేసుకోవాలి. అప్పుచేసి చదివించే తల్లిదండ్రులకు ఈ లెక్క చాలా ముఖ్యం.

మూడవది ఆత్మపరిశీలన. గంటల తరబడి నిలబడగలగాలి. రక్తాన్ని చూసి తడబడకూడదు. రాత్రివేళ పిలుపు వచ్చినా వెళ్ళాలి. సూదిగాట్ల ప్రమాదం ఉంటుంది గనుక హెపటైటిస్-బి టీకాలు పూర్తిగా వేయించుకోవాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది నిజాయితీ. తొడుగు వేసుకున్న చేయి పొరపాటున శుద్ధిచేయని అంచును తాకితే ఆ సంగతి ఎవరూ గమనించకపోవచ్చు. అయినా "నా చేయి తగిలింది" అని చెప్పి తొడుగు మార్చుకునేవాడే ఈ వృత్తికి అర్హుడు.

మంచి శిక్షణాలయం చేతులకు పనితనాన్ని నేర్పుతుంది. పొరపాటును ఒప్పుకున్న విద్యార్థిని అవమానించక, సరిదిద్దుకొనే అలవాటును నేర్పుతుంది. ఆపరేషన్ గదిలోకి వెళ్ళే రోగి తన ప్రాణాన్ని అపరిచితులకు అప్పగిస్తాడు. ఆ నమ్మకానికి తగిన మనిషిగా తనను తీర్చిదిద్దగల చోటు ఏదో విచారించి, అక్కడే చేరడం విద్యార్థి కర్తవ్యం.