శిరస్త్రాణమునకు తాళము

త్రాణమనగా రక్షణ. శిరస్సునకు రక్షణ నిచ్చునది గనుక శిరస్త్రాణము. పారసీకము నుండి ఉర్దూలోనికి వచ్చిన ‘ఖోద్’ అను మాటకును ఇదియే అర్థము. ‘తాను’ అను అర్థమున వాడెడి ‘ఖుద్’ కును దీనికిని వ్రాతలో భేదము లేదని ఉర్దూ శాఖలోని మిత్రులు మాకు వ్రాసి చూపించిరి. అయినను మనమందరము హెల్మెట్ అనియే పలుకుచున్నాము గనుక ఈ వ్యాసమున మేమును ఆ మాటనే వాడుదుము.

తలను కాచు ఈ వస్తువును, బండి నిలిపిన పిదప మనము కాచుట ఎట్లు? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. మాకును అట్లే తోచినది. ఒకనాటి సాయంకాలము ఒక అంగడి ముందు మా మోటారు సైకిలును నిలిపి, సీటు ప్రక్కనున్న హెల్మెట్ లాకునకు పట్టీని తగిలించి లోనికి వెళ్ళితిమి. పావుగంటలో తిరిగి వచ్చుసరికి తాళము చెక్కుచెదరలేదు. దాని నుండి జానెడు పట్టీ ముక్క మాత్రము వ్రేలాడుచున్నది. ఆ రాత్రి లారీల నడుమ ఉత్త తలతో ఇల్లు చేరితిమి. పట్టీ తెగిన హెల్మెట్ దొంగకు మాత్రమేమి ఉపయోగమని చాలా దినములు ఆలోచించితిమి. ఎవరో ఒకరు కొత్త పట్టీ కుట్టి అమ్ముదురు కాబోలు. అది పెట్టుకొన్న వాని తల దైవాధీనము.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు కొందరు విద్యార్థులు, పోవునను భయముచేతనే హెల్మెట్‌ను ఇంటియొద్ద విడిచి వచ్చుచున్నామనిరి. మమ్ము కలవరపెట్టినది ఈ మాటయే. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను హెల్మెట్‌ను తప్పనిసరి చేసినది. 2019 సవరణ ప్రకారము, అది లేక బండి నడిపిన వానికి 1,000 రూపాయల జరిమానాయు, మూడు నెలలు లైసెన్సునకు అనర్హతయు కలవు. జరిమానా సంగతి అటుండనిండు. దొంగకు భయపడి రోడ్డునకు భయపడకుండుట ఏమి లెక్కయో మాకు బోధపడలేదు.

ఉపాయములు చెప్పుటకు ముందు హెల్మెట్ నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. పైన గట్టి ప్లాస్టిక్‌తోనో ఫైబరు గ్లాసుతోనో చేసిన పెంకు ఉండును. దాని లోపల థర్మోకోల్ జాతికి చెందిన దళసరి పొర, ఆ లోపల మెత్తని గుడ్డ, గడ్డము క్రింద పట్టీ ఉండును. ప్రమాదమున దెబ్బను తాను నలిగి మ్రింగునది ఆ థర్మోకోల్ పొరయే. ఒకసారి నలిగినచోట అది మరల ఉబ్బదు. కావుననే హెల్మెట్‌ను బండి అద్దపు కాడకు తొడిగి పోవు అలవాటు మంచిది కాదు. కాడ కొన లోపలి పొరను రోజు రోజునకు గుంట పరచును, పైన గుడ్డ కప్పియుండుటచే అది మన కంటబడదు. పెట్రోలు ట్యాంకు మీద పెట్టినచో దొర్లి పడును. సైలెన్సరు చేరువన వ్రేలాడదీసినచో వేడికి చెడును. దొంగ ముట్టకుండగనే పాడైన హెల్మెట్‌లు మన స్టాండులో ఎన్ని ఉన్నవో ఎవరికి వారే చూచుకొనవలెను.

ఇక బండితో వచ్చు హెల్మెట్ లాకు. పట్టీ చివరనున్న లోహపు వలయమును దీనికి తగిలించి తాళము వేయుదురు. కొన్ని బండ్లలో సీటు క్రింద కొక్కెము ఉండును, వలయమును దానికి తగిలించి సీటు మూసినచో చాలును. రెండును సులభములే, పట్టపగలు పదిమంది తిరుగు చోట పనికివచ్చునవే. కాని బ్లేడునకు లొంగునది ఆ పట్టీయే. మరియొక జాగ్రత్త: అట్లు తగిలించియే బండి నడుపరాదు. హెల్మెట్ వెనుక చక్రమునకు అడ్డుపడినచో బండి పల్టీ కొట్టును.

అంతకంటె మేలైనది ఉక్కు తీగలు పేని పైన ప్లాస్టిక్ తొడిగిన కేబుల్ లాకు. దానిని పట్టీలో దూర్చుట వృథా. ముఖమంతయు కప్పు హెల్మెట్ అయినచో, ముందు అద్దమును పైకెత్తి, కేబులును ముఖద్వారము నుండి లోనికి పంపి, మెడ వైపు నుండి వెలుపలికి తీయవలెను. అప్పుడు గడ్డమును కప్పు గట్టి భాగము కేబుల్ చుట్టలో చిక్కుకొనును. దానిని విడిపించుటకు కేబులునైనను పెంకునైనను కోయవలెను. పెంకు కోసిన హెల్మెట్‌ను కొనువాడు లేడు. కేబులు రెండవ కొసను బండి చట్రమునకో, వెనుక కూర్చున్నవారు పట్టుకొను కడ్డీకో, శారీ గార్డునకో చుట్టవలెను. ఈ చివరి రెండును 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనల చలువ వలన మన బండ్లన్నిటికిని ఉన్నవి. హ్యాండిలునకు చుట్టినచో కొస నుండి జారి వచ్చును. సన్నని కేబులు కటింగు ప్లయరుకే తెగును గనుక వ్రేలి మందము గలదానిని కొనవలెను.

అంకెల తాళము గూర్చి ఒక మాట. మూడంకెల తాళమునకు 000 నుండి 999 వరకు వేయి కలయికలు. ఒక్కొక్కదానికి రెండు సెకండ్ల చొప్పున ముప్పదిమూడు నిమిషములలో అన్నియు త్రిప్పి చూడవచ్చును, అనగా మన ఒక తరగతి ముగియకముందే! నాలుగంకెలైనచో అదే పనికి అయిదున్నర గంటలు పట్టును. అయితే తాళము వేసి చివరి అంకెను మాత్రము ఒక్క గడి జరిపి పోవువారికి ఎన్ని అంకెలున్నను ఒక్కటే. అన్ని చక్రములను త్రిప్పి పోవలెను.

గడ్డము కప్పని సగము హెల్మెట్‌కు పట్టీ తప్ప కేబులు చిక్కుకొను తావు లేదు. దానిని స్కూటరు సీటు క్రింది అరలో పెట్టవలెను, లేదా చేతపట్టుకొని తరగతికి రావలెను. బల్ల మీద హెల్మెట్ ఉన్నదని మేము ఎవరిని కోపించము.

కమిటీ పెద్దలకు ఒక మనవి. ఒకటిన్నర అడుగుల లోతు, అడుగు ఎత్తు, అడుగు వెడల్పు గల గడులతో కొయ్య అర యొకటి చేయించి, స్టాండు చెంత కాపలాదారు గదిలో ఉంచి, టోకెను బిళ్ళలు ఇప్పించినచో పైన చెప్పిన తాళములలో సగము అక్కరలేకపోవును. వార్షిక బడ్జెటులో అది పెద్ద పద్దు కాదు.

అంతవరకు, వానకాలమున కేబులునకు కట్టిన హెల్మెట్‌ను నోరు క్రిందికి ఉండునట్లు వ్రేలాడదీయుడు. పైకి ఉన్నచో సాయంకాలమునకు అది నీటి గిన్నె యగును. లోపలి గుడ్డ తడిసినచో నీడపట్టున, గాలి తగులునట్లు ఆరబెట్టుడు, పొయ్యి దగ్గర వలదు.