‘మూర్ఛ’ వెనుక దాగిన హృదయ లయభంగం: వంశానుగత లాంగ్ క్యూటీ సిండ్రోమ్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గుండె నిర్మాణంలో ఏ లోపమూ లేకుండా, దాని విద్యుత్ వ్యవస్థలో మాత్రమే దోషం కలిగించే వంశానుగత వ్యాధి లాంగ్ క్యూటీ సిండ్రోమ్. దీని స్వభావాన్ని, సంక్రమించే తీరును వివరించడం, తెలుగువారి వాడుకలోని ‘మూర్ఛ’ అనే పదం వ్యాధి గుర్తింపుపై చూపగల ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హృదయ లయ, వంశానుగత వ్యాధి, మూర్ఛ, అపస్మారం, మేనరికం, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:
పరుగుపందెంలో ఉన్న పిల్లవాడు ఉన్నట్టుండి కుప్పకూలుతాడు. కాళ్లూ చేతులూ కొద్దిసేపు కొట్టుకుంటాయి. నిమిషంలోపే తేరుకుంటాడు. చూసినవారు దానిని ‘ఫిట్స్’ అంటారు, పెద్దలు ‘మూర్ఛరోగం’ అంటారు. కారణం మెదడులో కాక గుండెలో ఉంటే, ఆ పేరుతో మొదలైన చికిత్స ఏళ్ల తరబడి సాగినా ప్రాణాపాయం తొలగదు. వ్యాధికి పెట్టే పేరు ఇక్కడ జీవన్మరణ సమస్య.

2. వ్యాధి స్వరూపం:
ప్రతి స్పందన తరువాత గుండె కండర కణాలు తిరిగి విద్యుత్ విశ్రాంతస్థితికి రావాలి. కణత్వచంలోని సూక్ష్మ ద్వారాల గుండా పొటాషియం అయాన్లు వెలుపలికి పోవడం వల్ల ఇది జరుగుతుంది. ఈ ద్వారాలను నిర్మించే జన్యువులో లోపముంటే విశ్రాంతి ఆలస్యమవుతుంది. ఇ.సి.జి.లో క్యూ తరంగం ఆరంభం నుంచి టి తరంగం ముగింపు వరకు ఉండే కాలవ్యవధి పెరుగుతుంది. వ్యాధి పేరుకు మూలం ఇదే. ఆ ఆలస్యంలో అకాల స్పందన పుడితే గుండె అతివేగంగా, అస్తవ్యస్తంగా కొట్టుకుంటుంది. ఈ లయభంగానికి ఫ్రెంచి వైద్యుడు దెసెర్తెన్ 1966లో ‘టోర్సాడ్ ద ప్వాంత్’ అని పేరు పెట్టాడు. మెదడుకు రక్తం అందక స్పృహ తప్పుతుంది. లయ తనంతట తాను కుదుటపడితే మనిషి లేస్తాడు, లేకుంటే ఆకస్మిక మరణం సంభవిస్తుంది.

3. సంక్రమణ రీతులు:
1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగే-నీల్సన్ ఒక కుటుంబాన్ని వర్ణించారు. అందులోని ఆరుగురు సంతానంలో నలుగురు పుట్టుచెవిటివారు. ఆ నలుగురికీ స్పృహ తప్పే లక్షణం ఉండేది. వారిలో ముగ్గురు బాల్యంలోనే హఠాత్తుగా మరణించారు. చెవుడు లేని రూపాన్ని 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండులో వార్డ్ వేర్వేరుగా వర్ణించారు.

ఈ రెండు రూపాల సంక్రమణ వేరు. రొమానో-వార్డ్ రూపంలో తల్లిదండ్రులలో ఒకరి నుంచి లోపమున్న ఒక్క జన్యుప్రతి వచ్చినా చాలు. అందువల్ల ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. జెర్వెల్ రూపంలో రెండు ప్రతులూ లోపభూయిష్ఠమై ఉండాలి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం 25 శాతం. అదే పొటాషియం ద్వారం లోపలిచెవిలోని ద్రవం తయారీకి కూడా అవసరం కనుక ఈ రూపంలో చెవుడు తోడవుతుంది.

మేనరికాలు వాడుకలో ఉన్న తెలుగు సమాజానికి ఈ రెండవ రూపంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. దగ్గరి రక్తసంబంధీకులైన దంపతులిద్దరిలోనూ ఒకే పూర్వికుని నుంచి వచ్చిన లోపం ఉండే అవకాశం హెచ్చు. పుట్టుచెవిటి బిడ్డ స్పృహ తప్పి పడిపోతే ఇ.సి.జి. తీయించడం అత్యవసరం.

4. ‘మూర్ఛ’ - ఒక పదం, రెండు స్థితులు:
ఆయుర్వేద సంప్రదాయం మూర్ఛను, అపస్మారాన్ని వేరువేరుగా గుర్తించింది. మాధవనిదానంలో వాటికి ప్రత్యేక అధ్యాయాలున్నాయి. రామాయణంలోని ‘లక్ష్మణమూర్ఛ’ ఘట్టంలో ఈ పదానికి స్పృహ కోల్పోవడమనే అర్థం. నేటి తెలుగులో అపస్మారం గ్రాంథికమై, దాని అర్థభారం కూడా ‘మూర్ఛ’ మీదనే పడింది. సొమ్మసిల్లడం, స్పృహ తప్పడం, ఫిట్స్ అన్నీ ఒకే మాటలో ఇమిడిపోతున్నాయి.

వైద్యునికి కావలసింది ఆ మాట కాదు, ఘటనాక్రమం. పడిపోయే ముందు ఏం జరిగిందన్నది ముఖ్యం. ఈ వ్యాధి మొదటి రకంలో శ్రమ, విశేషించి ఈత. రెండవ రకంలో అలారం, టెలిఫోను వంటి హఠాత్ శబ్దాలు. మూడవ రకంలో నిద్ర, విశ్రాంతి ప్రమాదకర సందర్భాలు. రెండవ రకం ఉన్న స్త్రీలకు ప్రసవానంతరపు నెలల్లో ముప్పు పెరుగుతుంది. అపస్మారంలో తేరుకున్నాక అయోమయం కొంతసేపు ఉండడం సాధారణం, లయభంగంలో తెలివి త్వరగా వస్తుంది.

కుటుంబచరిత్ర సేకరణలోనూ భాషే అడ్డుపడుతుంది. ‘మీ ఇంట్లో గుండెజబ్బు ఉందా?’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అనే సమాధానం నిజాయతీగానే రావచ్చు. ఈత వచ్చి కూడా చెరువులో మునిగిపోయిన మేనమామ, నిద్రలోనే కన్నుమూసిన పినతండ్రి ఆ ఇంటి జ్ఞాపకంలో గుండెజబ్బు మనుషులు కారు. ‘చిన్నవయసులో హఠాత్తుగా పోయినవారున్నారా?’ అని అడిగితేనే ఆ మరణాలు బయటపడతాయి.

5. నిర్ధారణ, చికిత్స:
హృదయవేగానికి అనుగుణంగా సవరించిన క్యూటీ వ్యవధి పలుమార్లు తీసిన ఇ.సి.జి.లలో 480 మిల్లీసెకన్లు లేదా అంతకు మించి ఉంటే, మందులు, లవణలోపం వంటి ఇతర కారణాలు లేనప్పుడు, వ్యాధిగా నిర్ధారిస్తారు. జన్యులోపమున్న కొందరిలో ఈ వ్యవధి మామూలుగానే కనిపిస్తుంది. కనుక ఒకరికి వ్యాధి తేలితే తల్లిదండ్రులను, తోబుట్టువులను, సంతానాన్ని కూడా పరీక్షించాలి, వీలైతే జన్యుపరీక్ష జరపాలి.

చికిత్సకు బీటా నిరోధకాలు ఆధారం. వాటిని వైద్యుని సలహా లేకుండా మానరాదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి డీఫిబ్రిలేటర్ పరికరాన్ని అమరుస్తారు. కొందరికి గుండెకు వెళ్లే ఎడమవైపు సానుభూతిక నాడులను ఖండించే శస్త్రచికిత్స చేస్తారు. ఎరిత్రోమైసిన్ వంటి కొన్ని మందులు క్యూటీ వ్యవధిని పెంచుతాయి. వాంతులు, విరేచనాల వల్ల పొటాషియం తగ్గినా ప్రమాదమే. అందువల్ల ఏ వైద్యుని వద్దకు వెళ్లినా రోగి తన వ్యాధి పేరు చెప్పుకోగలగాలి.

6. ముగింపు:
లాంగ్ క్యూటీ సిండ్రోమ్ ప్రాణాంతకమైనా, గుర్తిస్తే చాలావరకు అదుపులో ఉంచగలిగినది. గుర్తింపుకు తొలిమెట్టు రోగి, బంధువులు చెప్పే మాట. ‘స్పృహ తప్పడం’, ‘అపస్మారం’ అనే వేర్వేరు పదాలను పాఠ్యపుస్తకాలలో, ఆరోగ్య ప్రచార సామగ్రిలో స్థిరపరచడం తెలుగు పరిభాషా నిర్మాతల బాధ్యత. వంశవృక్షంలో పేర్లతో పాటు మరణించిన వయసునూ సందర్భాన్నీ నమోదు చేసే అలవాటు ఏర్పడితే, గతించినవారి వివరమే రాబోయే తరానికి రక్షణ అవుతుంది.