పెరటి పశువుల పేర్లలోనే ఆటవెలది

ఛందస్సు అనగానే హైస్కూలు పిల్లలకు గుండె దడ. గణవిభజన చేసి మార్కులు తెచ్చుకునే లెక్కగానే అది మిగిలిపోయింది. పశువుల కొట్టం వద్ద కూర్చోబెడితే నాలుగైదు తరగతుల పిల్లలు కూడా పద్యం కట్టగలరు. ఇందుకు ఆటవెలదిని మించిన అనువైన పద్యం లేదు. వేమన పద్యాలు చాలా మట్టుకు ఆటవెలదులే కావడంతో దాని నడక అక్షరం రానివారి చెవులకు సైతం పరిచయమే.

ముందు గురువు, లఘువు చెప్పాలి. దీర్ఘమున్న అక్షరం, సున్న ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందుండేది గురువులు. తక్కినవి లఘువులు. సూర్యగణాలు రెండే. గురువు తర్వాత లఘువు వస్తే ఒకటి, మూడూ లఘువులైతే రెండోది. ఇప్పుడు పెరట్లోకి చూడండి. ఆవు, ఎద్దు, దూడ, మేక, గొర్రె, కుక్క, పిల్లి, కోడి, కాకి, చీమ అన్నీ మొదటి రకమే! ఉడుత, ఎలుక, చిలుక, నెమలి రెండో రకం. సూత్రం చూసి ఎవరూ పెట్టిన పేర్లు కావివి.

ఇంద్రగణాలు ఆరు. ఏనుగు, గాడిద, కుందేలు, తాబేలు ఆ కోవకు చెందినవి. పులి మాత్రం మొండికేస్తుంది. రెండే లఘువులు కావడంతో ఒంటరిగా ఏ గణమూ కాదు. ‘పులిని’, ‘పులికి’ అంటే దారికి వస్తుంది.

ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం తొలి అక్షరం పాదం తొలి అక్షరంతో జత కుదరాలి. ఇదే యతి. ప్రాస బెడద లేదు. మచ్చుకు ఒకటి:

తాడు తెంచి దూడ తల్లిని కుడిచింది
చెంగు చెంగుమంటు చేను చేరె
అవ్వ చెంబు తెచ్చి ఆవును పిదికితే
చుక్క లేదు, దూడ చూసి నవ్వె

ఇందులో ‘తా’కు ‘త’, ‘చె’కు ‘చే’, ‘అ’కు ‘ఆ’, ‘చు’కు ‘చూ’ జత.

అసలు లాభం వేరే ఉంది. యతికి ‘పె’ కావలసినచోట దూడ పనికిరాదు, పెయ్య కావాలి. పెయ్య అంటే ఆడదూడ అని, పడ్డ అంటే ఇంకా ఈనని గేదె అని, కోడెకూ దున్నకూ తేడా ఏమిటని పిల్లవాడు తాతను అడగక తప్పదు. ట్రాక్టర్లు వచ్చి కాడెద్దులు తగ్గిన ఊళ్లలో ఈ మాటలు ముసలివారి నోళ్లలోనే మిగిలాయి. వారితోపాటే పోతున్నాయి కూడా.

ఆవు సాధు జంతువని రాసుకొస్తే ఊరుకోరాదు. ‘పొద్దున అది ఏం చేసింది?’ అని అడగాలి. చూసి రమ్మనాలి. అంతేగాని తొలిరోజే ఎర్రసిరాతో యతి దిద్దితే పిల్లవాడు మళ్లీ ఆ వైపు రాడు. నాలుగు పాదాలూ ఒకేసారి అడగడం కూడా పొరపాటే. ఐదూ సూర్యగణాలుండే రెండో పాదంతో ఆరంభిస్తే సులువు. ‘పిల్లి వచ్చి పోయె, పెరుగు లేదు’ అన్నంత చాలు. సూర్యగణాలు రెండు రకాలూ వచ్చాయి, యతీ కుదిరింది.