గాలికి ఎదురు తిరిగిన గాలిమర

హాలండ్ పొలాలలో గాలిమరలన్నీ ఒకే దిశలో తిరుగుతున్నాయి. ఒక్కటి మాత్రం గాలికి ఎదురు తిరుగుతోంది. హంతకుణ్ణి తరుముతూ వచ్చిన అమెరికన్ విలేఖరి అది గమనించి ఆగిపోతాడు. ఆ మర ఆకాశంలోని విమానానికి సంకేతం. దాని లోపల ఒక వృద్ధ రాజనీతిజ్ఞుడు బందీగా ఉన్నాడు.

1940లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘ఫారిన్ కరెస్పాండెంట్’ చిత్రంలోని ఈ ఘట్టాన్ని చూసినవారు మరువలేరు. కథానాయకుడు జానీ జోన్స్ న్యూయార్క్‌లో నేరవార్తలు రాసుకొనే మనిషి. ఐరోపా రాజకీయాలు అతనికి తెలియవు. అందుకే సంపాదకుడు అతణ్ణి యుద్ధం ముంచుకొస్తున్న ఐరోపాకు పంపుతాడు. పండితుల ఊహాగానాలతో విసిగిన ఆయనకు, జరిగినది చూసి చెప్పేవాడు కావాలి.

అటువంటి విలేఖరి ఒకరు, ఆ చిత్రానికి పదేళ్ల ముందే, నాటి సూరత్ జిల్లాలోని ధరాసనకు వచ్చారు. ఆయన యునైటెడ్ ప్రెస్ ప్రతినిధి వెబ్ మిల్లర్. 1930 మే 21న సుమారు 2,500 మంది సత్యాగ్రహులు అక్కడి ఉప్పు కొటారుల వైపు సాగారు. గాంధీజీ అప్పటికే నిర్బంధంలో ఉన్నారు. నాయకత్వం వహించినది హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు. వరుస వెంట వరుస ముందుకు నడిచింది. లాఠీలు తలలపై పడుతున్నా, దెబ్బ కాచుకొనే ప్రయత్నమైనా ఎవరూ చేయలేదని మిల్లర్ రాశారు. తాత్కాలిక ఆసుపత్రిలో 320 మంది క్షతగాత్రులను ఆయన స్వయంగా లెక్కించారు. ఇద్దరు మరణించారు.

చిత్రంలో విలేఖరికి శత్రువులు గూఢచారులు. మిల్లర్‌కు అడ్డుపడినది సెన్సారు. ఆయన పంపిన తంతిని అధికారులు ఆపివేశారు. ఈ అణచివేతనే లోకానికి వెల్లడిస్తానని హెచ్చరించిన తరువాతగాని వార్త దేశం దాటలేదు. దాటాక, ప్రపంచమంతటా వెయ్యికి పైగా పత్రికలు దానిని ప్రచురించాయి. అమెరికా సెనేట్‌లో చదివి వినిపించారు. అహింస అంటే ఏమిటో, దానిని ఎదుర్కొన్న ప్రభుత్వం ఎటువంటిదో దూరదేశాల పాఠకులకు తెలిసింది.

1940 మేలో మిల్లర్ లండన్‌లో రైలు నుండి పడి మరణించారు. ఆగస్టులో విడుదలైన హిచ్‌కాక్ చిత్రాన్ని ఆయన చూడలేదు. ఆ చిత్రానికి ఆధారమైన స్వీయచరిత్ర రాసిన విలేఖరి విన్సెంట్ షీన్‌ను మాత్రం విధి భారతదేశానికి తెచ్చింది. 1948 జనవరి 30న గాంధీజీ నేలకొరిగినప్పుడు ఆయన ఢిల్లీ బిర్లా భవన ప్రాంగణంలోనే ఉన్నారు.

చిత్రం చివర లండన్‌పై బాంబులు పడతాయి, దీపాలు ఆరిపోతాయి. జోన్స్ మైకు వదలక అమెరికాతో మాట్లాడుతూనే ఉంటాడు. ఆ దృశ్యం తీసేనాటికి ఆ నగరంపై బాంబుల వర్షం ఇంకా మొదలుకాలేదు. కాని అడ్డంకులను దాటి నిజం చెప్పే విలేఖరి అప్పటికే కల్పన కాదు. ధరాసన ఉప్పునేల అతణ్ణి చూసింది.