ఐన్‌స్టీన్ అలిగిన పేపరు

ఏమ్మా, అలా కూర్చున్నావేం? పత్రికకి పంపిన నీ పరిశోధన పేపరు తిరిగొచ్చిందా? ‘మేజర్ రివిజన్’, అంటే పెద్ద సవరణలు కావాలన్నారా? వద్దనలేదుగా, మరి బెంగెందుకు?

నీ జాకెట్టు సంగతి గుర్తుందా? చంక దగ్గర బిగుతుగా ఉందంటే టైలరు సుద్దతో గీతలు పెట్టి తీసుకెళ్ళాడు. ఇదీ అంతే. నీ పేపరు చదివి తప్పొప్పులు చెప్పిన రిఫరీలు అడిగిన ఒక్కో మాట కిందా నీ జవాబు రాసి, మార్చిన చోట్లు గుర్తుపెట్టి పంపాలి. చిన్న సవరణలైతే ఎడిటరే చూసి సరే అంటాడు. పెద్దవైతే మామూలుగా ఆ రిఫరీల దగ్గరికే మళ్ళీ పంపుతాడు. వాళ్ళెవరికైనా తీరిక లేకపోతే కొత్తవాళ్ళని వెతుకుతాడు. గడువు దాటితే కొత్త పేపరు కింద లెక్కేసే పత్రికలూ ఉన్నాయి, జాగ్రత్త!

చెప్పినవన్నీ ఒప్పుకోవాలా అంటే, అక్కర్లేదు. ‘లోపల గుడ్డ వదల్లేదమ్మా, ఇంక వదులు చెయ్యడం కుదరదు’ అని టైలరు చెప్పలేదూ? అలా కారణం చెప్పాలి. జవాబివ్వకుండా దాటెయ్యకూడదు, అంతే.

అలా జవాబివ్వకుండా అలిగినవాడు ఐన్‌స్టీన్! 1936లో తోటి శాస్త్రవేత్త రోజెన్‌తో కలిసి, గురుత్వ తరంగాలు లేవని తేల్చిన పేపరు ‘ఫిజికల్ రివ్యూ’కి పంపాడు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని ఒక రిఫరీకి చూపించాడు. పది పేజీల అభ్యంతరాలొచ్చాయి. అచ్చెయ్యమని పంపితే ఎవరికో చూపిస్తారా అని ఐన్‌స్టీన్‌కి ఒళ్ళు మండింది. పేపరు వెనక్కి తీసేసుకున్నాడు.

ఆ తరవాత ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్‌సన్ అనే ఆయన, ఐన్‌స్టీన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌తో మాటల్లో తప్పెక్కడుందో చూపించాడు. 1937లో అదే పేపరు ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో వచ్చేసరికి తరంగాలు లేవన్న తీర్పు తిరగబడింది. ఆ రాబర్ట్‌సనే అప్పటి రిఫరీ అని ‘ఫిజికల్ రివ్యూ’ పాత చిట్టా తెరిస్తే, దశాబ్దాల తరవాత బయటపడింది! జవాబు రాయనన్నా సవరణ మాత్రం తప్పలేదు చూశావా?

2015లో లైగో పరిశోధనాశాలవాళ్ళు ఆ తరంగాల్ని పట్టేశారు. ఆ కబురు 2016లో అచ్చయింది ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’లో. ‘ఫిజికల్ రివ్యూ’ ఇంటి పత్రికే! అదీ రిఫరీల చేతులమీదుగానే.

లే, అన్నం చల్లారిపోతోంది. తిన్నాక రిఫరీ అడిగిన మొదటి ప్రశ్న చదివి వినిపించు.