మన ఫోన్ బ్యాటరీకీ అంగోలా రైలు పట్టాలకీ ఏంటి సంబంధం?

చాలా ఫోన్ల బ్యాటరీల్లో కోబాల్ట్ అనే లోహం వాడతారు. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో సగానికి పైగా ఒక్క కాంగో దేశానిదే. అక్కడి ఖనిజాలు సముద్రానికి చేరే దారుల్లో ఒకటి, పక్కనే అంగోలాలో ఉన్న బెంగేలా రైల్వే. ఈరోజు దాని కథ చెప్తాను.

అంగోలాని పోర్చుగల్ ఏలుతున్న రోజులవి. కాంగోలోని కటాంగా రాగిని రేవుకి తేవడానికి, 1902లో రాబర్ట్ విలియమ్స్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు 99 ఏళ్లకి హక్కులు తీసుకున్నాడు. లోబిటో రేవు నుంచి కాంగో సరిహద్దు దాకా సుమారు 1,344 కిలోమీటర్లు. 1903లో మొదలైన పనికి పాతికేళ్లు పట్టింది.

1975లో స్వాతంత్ర్యం వచ్చింది, దాంతోపాటే అంతర్యుద్ధం. వంతెనలు పేల్చేశారు, లైను వెంట మందుపాతరలు పెట్టారు. 2001లో ఆ 99 ఏళ్లూ ముగిసి రైల్వే అంగోలా చేతికొచ్చింది. కానీ వచ్చింది చాలావరకు పాడైపోయిన లైనే.

2002లో యుద్ధం ఆగింది. మందుపాతరలు ఏరేశాక చైనా కంపెనీ కొత్త పట్టాలు వేసింది. 2015లో లైను మొత్తం మళ్లీ తెరిచారు. ఇప్పుడు సరుకు రవాణా 30 ఏళ్లకి విదేశీ కంపెనీల బృందం చేతిలో ఉంది. 2024 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు బైడెన్ స్వయంగా లోబిటో వెళ్లాడు.

అందరి కళ్లూ ఖనిజం మీదే. మరి దారిలో ఉన్న హువాంబో రైతు మొక్కజొన్నకి ఆ రైల్లో చోటుందా? నాకైతే అసలు ప్రశ్న అదే. మీరేమంటారు? కామెంట్‌లో చెప్పండి.