భూమి వణుకును రాసిపెట్టే పెట్టె

కదలని చోటు, తప్పని గడియారం ఉంటేనే లెక్క నిజం

సూర్యాపేట జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల ప్రజలకు భూమి కంపించడం కొత్త సంగతి కాదు. 2020 జనవరి 26వ తేదీన తెల్లవారుజామున 2 గంటల 37 నిమిషాలకు పులిచింతల జలాశయం సమీపంలో 4.6 తీవ్రతతో భూమి కంపించింది. గాఢనిద్రలో ఉన్న జనం పిల్లాపాపలతో వీధుల్లోకి పరుగులు తీశారు. అంతకుముందు కూడా ఆ ప్రాంతంలో చిన్నచిన్న కుదుపులు, భూమి లోపలి నుంచి ఢాం అనే శబ్దాలు వచ్చాయి.

ఇలాంటప్పుడు రచ్చబండ దగ్గర తలా ఒక మాట వినిపిస్తుంది. క్వారీల్లో మందుపాతర్లు పేల్చడం వల్లనేనని ఒకరు, ప్రాజెక్టులో నీరు నిలపడం వల్లనని మరొకరు, ఇది రాబోయే పెద్ద భూకంపానికి ముందస్తు కబురని ఇంకొకరు అంటారు. ఎవరి మాట నిజమో వాదనతో తేలదు. అది తేల్చడానికి శాస్త్రజ్ఞులు పొలాల్లో, బడి ఆవరణల్లో, పంచాయతీ కార్యాలయాల వెనుక చిన్న పెట్టెలు పెడతారు. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పులిచింతల ప్రాంతంలోనూ ఇటువంటి యంత్రాలు పెట్టి కంపనలు నమోదు చేశారు.

ఈ పెట్టె ఏం చేస్తుంది? ఎలా పెట్టాలి? అది రాసే గీతలకు అర్థమేమిటి? ఈ సంగతులు ఊరి వారికి తెలిసి ఉంటే అపోహలు తగ్గుతాయి, యంత్రమూ పదిలంగా ఉంటుంది.

పెట్టెలో ఏముంది?

నిజానికి యంత్రం రెండు భాగాలు. మొదటిది కంపనను పసిగట్టేది. రెండోది ఆ కంపనను అంకెలుగా మార్చి దాచుకునేది. దీనినే డేటా లాగర్ అంటారు.

బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడిన మనిషి వెనక్కి తూలుతాడు. బస్సు ముందుకు పోయినా ఒళ్లు ఉన్నచోటనే ఉండాలని చూడడమే దీనికి కారణం. పసిగట్టే భాగంలోనూ ఇదే సూత్రం. అందులో స్ప్రింగుకు వేలాడే బరువు ఒకటి ఉంటుంది. నేల కదిలినా బరువు వెంటనే కదలదు. ఈ తేడా వల్ల అయస్కాంతం దగ్గర ఉన్న తీగచుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. నేల ఎంత వేగంగా కదిలితే అంత విద్యుత్తు. ఉత్తర దక్షిణాలు, తూర్పు పడమరలు, పైకీ కిందికీ, ఇలా మూడు దిక్కుల కదలికలను విడివిడిగా పట్టుకుంటుంది.

డేటా లాగర్ ఆ విద్యుత్తును సాధారణంగా సెకనుకు 100 సార్లు కొలుస్తుంది. మూడు దిక్కులకూ కలిపి రోజుకు 2 కోట్ల 59 లక్షల 20 వేల కొలతలు. 24 బిట్ల లాగర్ అయితే ప్రతి కొలతకూ 1 కోటీ 67 లక్షలకు పైగా మెట్లు ఉంటాయి. చిటికెడు బంగారాన్నీ, బండెడు ధాన్యాన్నీ ఒకే కాటాలో తూచగలిగినట్టు, మనిషికి తెలియని సన్నని వణుకునూ, గోడలు ఊగే కుదుపునూ ఇది రాయగలదు.

పూర్వం ఇంత సౌకర్యం లేదు. తిరిగే డోలుకు మసి పట్టించిన కాగితం చుట్టి, దానిపై ముల్లు గీసే గీతలను చూసేవారు. రోజూ కాగితం మార్చడానికి ఒక మనిషి పోవాలి. ఇప్పుడు నెలల కొద్దీ లెక్క చిన్న మెమొరీ కార్డులో ఇముడుతుంది.

చోటు కుదరడమే సగం పని

యంత్రం ఎంత గొప్పదైనా చోటు మంచిది కాకపోతే రాసేదంతా రొద. వదులుగా ఉన్న నల్లరేగడి కన్నా పరుపుబండ మేలు. బండ దొరకకపోతే గట్టి నేల తగిలేదాకా గుంట తవ్వి, అడుగున సిమెంటు దిమ్మె కట్టి దానిపై యంత్రాన్ని కూర్చోబెడతారు. దిమ్మె గుంట గోడలకు తగలకూడదు.

రోడ్డు, రైలు పట్టాలు, రైసు మిల్లు, బోరు మోటారు, పశువుల కొట్టం దగ్గరలో ఉండకూడదు. పెద్ద చెట్టు కూడా పనికిరాదు. గాలికి చెట్టు ఊగితే వేళ్లు నేలను కదిలిస్తాయి. మనిషి కంటికి అది కనిపించదు కాని యంత్రం రాసేస్తుంది.

తాపీ మేస్త్రి రసమట్టంతో గోడ చూసినట్టే, యంత్రంపై ఉన్న బుడగను నడిమికి తెచ్చి కాళ్లు బిగిస్తారు. దానిపై ఉన్న బాణం గుర్తును అసలు ఉత్తరానికి తిప్పుతారు. దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ కొద్ది తేడా ఉంటుంది కనుక దాన్ని సవరించుకోవాలి. ఎండకూ చలికీ తేడా పడకుండా పైన థర్మోకోలు కప్పి మూత వేస్తారు. వాన నీరు గుంటలోకి రాకుండా చుట్టూ కట్ట పోస్తారు. ఎలుకలు కొరక్కుండా తీగలను గొట్టంలో నడుపుతారు.

కరెంటు పోయినా పని ఆగకుండా 12 వోల్టుల బ్యాటరీ, దానికి సౌరఫలకం ఉంటాయి. మన ప్రాంతంలో ఫలకాన్ని దక్షిణానికి వాలుగా నిలుపుతారు. అంతా బిగించాక ఒక మనిషి పక్కన కాలితో నేలను తన్ని చూస్తాడు. తెరపై మూడు గీతలూ ఎగిరిపడితే యంత్రం పనిచేస్తున్నట్టు లెక్క. పెట్టిన తేదీ, వేళ, చోటు, యంత్రం నంబరు పుస్తకంలో రాసుకోవడం మరచిపోరాదు. ఆ వివరాలు లేని లెక్క తేదీ లేని ప్రాంసరీ నోటు వంటిది.

గడియారం తప్పితే ఊరు మారుతుంది

పెట్టె నుంచి బయటకు వచ్చే చిన్న బిళ్ల వంటి యాంటెనా ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. ఇది ఫోటోలు తీసేది కాదు, మాటలు వినేది కాదు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వేళను తెలుసుకునేది మాత్రమే. అందుకే దానిపై గోనెసంచి కప్పరాదు, గడ్డివాము వేయరాదు.

వేళకు ఇంత పట్టింపు ఎందుకు? గట్టి రాతిలో భూకంపపు తొలి అల సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు పోతుంది. అల ఏ పెట్టెకు ముందు చేరింది, ఏ పెట్టెకు తర్వాత చేరింది అని పోల్చి కంపన పుట్టిన చోటు కనుక్కుంటారు. ఒక పెట్టె గడియారం ఒక్క సెకను తప్పితే లెక్కలో 6 కిలోమీటర్ల తప్పు దొర్లుతుంది. అంటే తప్పు ఒక ఊరిదైతే నేరం పొరుగూరిపై పడినట్టే. చోటు తేలడానికి కనీసం మూడు పెట్టెలు కావాలి. లోతు కూడా సరిగా తెలియాలంటే నాలుగు, అందులో ఒకటి దగ్గరలో ఉండడం మేలు.

ఇంకొక సంగతి. ఈ యంత్రాలు ప్రపంచమంతటికీ ఒకే వేళ పాటిస్తాయి. మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. అందుకే 2020 జనవరి 26 తెల్లవారుజామున 2.37కి వచ్చిన కంపన, యంత్రం లెక్కలో జనవరి 25 రాత్రి 9.07కి కనబడుతుంది. ఇది తెలియక తేదీ తప్పు రాశారనుకుంటే పొరపాటు.

గీతలు చదివే తీరు

మెరుపు ముందు కనిపించి ఉరుము తర్వాత వినిపించినట్టే, భూకంపంలోనూ రెండు అలలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. మొదటిది నెట్టుతూ లాగుతూ వచ్చేది. రెండోది పక్కలకు ఊపేది. నెమ్మదిగా వచ్చినా ఊపు దీనిదే ఎక్కువ. రెండింటి మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి దాన్ని 8తో గుణిస్తే దూరం ఉజ్జాయింపుగా కిలోమీటర్లలో వస్తుంది. 5 సెకన్ల తేడా ఉంటే దాదాపు 40 కిలోమీటర్లు. ఒక్క సెకనే ఉంటే కంపన దగ్గరలోనే పుట్టినట్టు.

తీవ్రత అంకె ఒకటి పెరిగితే నేల ఊపు పది రెట్లు, వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతాయి. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో వచ్చిన భూకంపం తీవ్రత 5.3. దాన్ని 2.3 తీవ్రత గల కంపనతో పోలిస్తే నేల ఊపు వెయ్యి రెట్లు. రెండూ కంపనలే అయినా రెండూ ఒకటి కావు.

పేలుడా, భూకంపమా?

సున్నపురాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న మేళ్లచెరువు ప్రాంతానికి ఈ ప్రశ్న ముఖ్యం. పేలుడు అన్ని వైపులకూ బయటకే నెట్టుతుంది. కనుక చుట్టూ ఉన్న అన్ని పెట్టెల్లోనూ తొలి కదలిక పైకే ఉంటుంది. భూకంపంలో రాతిపొరలు ఒకదానిపై ఒకటి జారతాయి. అందువల్ల కొన్నిచోట్ల తొలి కదలిక పైకి, కొన్నిచోట్ల కిందికి ఉంటుంది. పేలుడులో రెండో అల బలహీనం. పైగా పేలుళ్లు పనివేళల్లోనే వస్తాయి, భూకంపానికి రాత్రీ పగలూ లేవు. క్వారీ వారు పేల్చిన వేళలు రాసిపెడితే పోల్చి చూడడం మరింత సులువు.

జలాశయాల సంగతీ ఇంతే. మహారాష్ట్రలోని కోయినాలో 1967 డిసెంబరు 11న వచ్చిన పెద్ద భూకంపానికి జలాశయమే ప్రేరణ అని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అలాగని ప్రతి జలాశయం దగ్గర వచ్చే ప్రతి కంపననూ నీటికే అంటగట్టరాదు. నీటిమట్టం, కంపనల సంఖ్య, లోతు పక్కపక్కన పెట్టి చాలాకాలం చూడాలి. అందుకే లెక్క మధ్యలో తెగకూడదు.

యంత్రం చేయలేని పని

భూకంపం ఫలానా రోజు, ఫలానా వేళకు వస్తుందని ఈ పెట్టె చెప్పలేదు. ప్రపంచంలో ఏ యంత్రమూ ఇంతవరకు చెప్పలేదు. పెట్టె పెట్టారంటే పెద్ద భూకంపం రాబోతున్నదని అర్థం కాదు. పెట్టె తీసుకుపోతే గండం గడిచిందనీ కాదు.

అయితే కంపనలు ఏ గీత వెంట, ఎంత లోతున వస్తున్నాయో అది చూపుతుంది. ఎక్కడ ఇళ్లు, బడులు గట్టిగా కట్టాలో దాన్ని బట్టి తెలుస్తుంది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించి ఏడు వేల మందికి పైగా మరణించారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు నిద్రలో ఉన్నవారిపై కూలడమే అందుకు ప్రధాన కారణం. అటువంటి గోడలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. గోడలో అక్కడక్కడ రెండు వైపులనూ కలిపే పొడవాటి రాళ్లు వేయడం, ద్వారబంధాల పైన ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ పోయడం ప్రాణాలు కాపాడే పనులు.

ఊరి చేతిలో ఉన్నది

సౌరఫలకంపై దుమ్ము తుడవడం, గుంట దగ్గర పశువులను కట్టకపోవడం, పిల్లలు మూత తెరవకుండా చూడడం, బ్యాటరీని ఇతర పనులకు వాడకపోవడం గ్రామస్థులు చేయగల సాయం. భూమి కదిలినప్పుడు వేళ చూసి రాసుకోవడం, శబ్దం ముందా కుదుపు ముందా గమనించడం కూడా శాస్త్రజ్ఞులకు పనికివస్తుంది. ఒక్క పెట్టె ఆగిపోతే మిగిలినవి ఉన్నా కంపన పుట్టిన చోటు సరిగా తేలకపోవచ్చు. మళ్లీ భూమి కదిలిన రాత్రి ఊరంతా అడిగే ప్రశ్నకు జవాబు, ఆ వేళకు పెట్టె పనిచేస్తున్నదా లేదా అన్నదానిపైనే ఆధారపడి ఉంటుంది.